ఊరి చెరువు నుంచి కృష్ణమ్మ దాకా: నల్లగొండ, పాలమూరు పట్టణాల నీటి కథ



ప్రత్యేక సంచిక కోసం ఏదైనా చరిత్ర విషయం రాయమని సంఘం వారు కోరినప్పుడు, రాజుల కథలకంటే మన ఇంటి నల్లా కథ రాస్తే బాగుంటుందనిపించింది. తాగే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, వాడి పారబోసిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి అనే రెండు ప్రశ్నలు అడిగితే ఒక పట్టణం చరిత్ర సగం బయటపడుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల విషయంలో మొదటి ప్రశ్నకు జవాబు దొరకడానికి మనకు ఒక జీవితకాలం పట్టింది. రెండో ప్రశ్నను మనం ఇప్పటికీ గట్టిగా అడగటం లేదు. ఈ వ్యాసంలో చెప్పదలచిన మాట ఇంతే.

కృష్ణానది ఈ రెండు ఉమ్మడి జిల్లాల దక్షిణపు అంచును తాకుతూ పోతుంది. 2016 అక్టోబరులో, ఆ తర్వాత 2019లో జిల్లాలు విడిపోయినా నేల తీరు మారలేదు. నది మన గడప ముందు నుంచే పోతుంది, కానీ గడప ఎత్తుగా ఉంది. జూరాల జలాశయం పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 318 మీటర్లు. పాలమూరు పట్టణం సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. నీరు పల్లమెరుగు అంటారు పెద్దలు. మన ఊళ్లు మెట్టన ఉన్నాయి. కాబట్టి కనుచూపు మేరలో నది ఉన్నా, తరతరాలుగా మనవాళ్లు చూపు నిలిపింది ఆకాశం మీద, ఊరి చెరువు మీద.

చెరువే మున్సిపాలిటీ

నల్లగొండ పక్కనున్న పానగల్లు ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వచ్చిన వారిలో ఎక్కువమంది గుడి చూసి, నీడ చూసి తిరిగిపోతారు. ఆ గుడికి దగ్గరలోనే, ఆ రాజుల పేరు మీదనే నిలిచిన ఉదయసముద్రం చెరువును ఒక ఇంజనీరు కంటితో చూసేవారు తక్కువ. ఎనిమిది తొమ్మిది వందల ఏండ్ల కింద కొలతల యంత్రాలు లేని కాలంలో, ఏ వాగు ఎటు పారుతుంది, ఎక్కడ కట్ట వేస్తే ఎంత నీరు నిలుస్తుంది, అలుగు ఏ ఎత్తున పెడితే కట్ట తెగదు అని లెక్క చూసి కట్టిన పని అది.

ఆ రోజుల్లో చెరువు పొలాలకు మాత్రమే కాదు. చెరువు నిండితే ఊరి బావులన్నిటా ఊట పెరిగేది. పైచెరువు అలుగు పారితే ఆ నీరు కిందిచెరువులోకి చేరేది. గొలుసుకట్టు చెరువులని మనం పిలిచేది అందుకే. తూము తెరవడానికి, మూయడానికి, కట్ట మీద చీమల పుట్ట లేచినా కనిపెట్టడానికి నీరటి ఉండేవాడు. శిఖం భూమిలో నీరు తగ్గినప్పుడు పంట వేసుకోవచ్చు గాని ఇల్లు కట్టరాదు. ఇవన్నీ రాసి పెట్టిన చట్టాలకంటే బలంగా నడిచిన కట్టుబాట్లు. నేటి మాటల్లో చెప్పాలంటే నీటి సరఫరా, వరద నివారణ, భూగర్భజలాల పెంపు, పట్టణ ప్రణాళిక అనే నాలుగు శాఖల పని ఒక్క చెరువు చేసేది.

పాలమూరు సంగతీ అంతే. 1883లో జిల్లా కేంద్రం నాగర్‌కర్నూలు నుంచి ఇక్కడికి మారింది. 1890 డిసెంబరు 4న ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అయింది. కచేరీలు, బంగళాలు, పోలీసు లైన్లు వచ్చాయి. కానీ ఊరికి నీళ్లిచ్చినవి పెద్దచెరువు, దాని చుట్టూ ఉన్న బావులే. పట్టణం పెరిగింది గాని నీటి ఆధారం పెరగలేదు.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచిన తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి ప్రణాళిక వేయించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. రాజధానికి వరద నుంచి రక్షణ, తాగడానికి నీరు ఒకే పథకంతో దొరికాయి. ఆనాటి ఇంజనీర్లు వరదను, దాహాన్ని వేరువేరు ఫైళ్లలో పెట్టలేదు. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి. జిల్లా పట్టణాలకు అంత భాగ్యం అప్పట్లో కలగలేదు. పాలమూరు వైపు పెద్దవాగు మీద 1945-48 మధ్య కట్టిన కోయిల్‌సాగర్ మాత్రం చెప్పుకోదగ్గ పని. అది సాగు కోసం కట్టినదే అయినా, తర్వాతి కాలంలో పట్టణం దాహానికీ అక్కరకు వచ్చింది.

రాయి లోపలి నీరు

చెరువు నీరు, దిగుడు బావుల నీరు మంచివేనా అంటే పూర్తిగా కాదు. కలరా వచ్చేది, నారికురుపు వచ్చేది. కాలి మీద పొక్కు లేచి, దానిలో నుంచి దారం లాంటి పురుగును పుల్లకు చుట్టి రోజుకింత లాగడం చూసిన వారు మన సభ్యుల్లో ఇంకా ఉన్నారు. మెట్లు దిగి బావిలో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకోవడం వల్ల ఆ జబ్బు పాకేది. మన రాష్ట్రం కూడా ఆ జబ్బు ఉన్న రాష్ట్రాలలో ఒకటి. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో భారతదేశానికి నారికురుపు లేని దేశంగా గుర్తింపు వచ్చింది. ఈ విజయంలో పెద్ద వాటా బోరుబావిది, చేతిపంపుది. 1967 నుంచి యునిసెఫ్ సాయంతో గట్టి రాతినేలల్లో బోర్లు వేసే యంత్రాలు దేశంలోకి వచ్చాయి. 1970ల చివరికి ఇండియా మార్క్-2 చేతిపంపు తయారైంది. మనవాళ్లు దాన్ని బోరింగు అన్నారు. వీధి వీధికి బోరింగు వచ్చినప్పుడు కొబ్బరికాయలు కొట్టారు.

కానీ మన కింద ఉన్న రాయి మామూలు రాయి కాదు. నల్లగొండ గ్రానైటు, నైసు రాళ్లలో ఫ్లోరైడు కలిగిన ఖనిజాలు ఉన్నాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీరు రాతి పగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచి, క్షారగుణం పెరిగి, సున్నపు పాలు తగ్గి, రాయిలోని ఫ్లోరైడును కరిగించుకుంటుంది. లోతుకు పోయినకొద్దీ పాతనీరు, పాతనీటిలో ఎక్కువ ఫ్లోరైడు. చూడటానికి తేటగా ఉంటుంది, రంగు ఉండదు, వాసన ఉండదు. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దారి లేకుంటే 1.5 వరకు. అంతకు మించితే మొదట పండ్లు పసుపెక్కుతాయి, తర్వాత కీళ్లు బిగుస్తాయి, చివరకు వెన్ను వంగుతుంది.

ఈ జబ్బును మన దేశంలో మొదట వెలుగులోకి తెచ్చినది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. ఆ తర్వాత 1940లలో హైదరాబాదు రాజ్యంలోనూ గుర్తించారు. 1955లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద డాక్టర్ సిద్దిఖీ రాసిన పరిశోధన పత్రం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అంటే మన జిల్లా పేరు లండన్ పత్రికలో రోగం పేరుతో కలిసి వచ్చి డెబ్బై ఏండ్లు అయింది. అదే సంవత్సరం డిసెంబరు 10న నెహ్రూ గారు మన జిల్లాలోనే నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఒకే జిల్లాకు ఒకే ఏడాదిలో ఈ రెండూ రావడం కాకతాళీయమే కావచ్చు. కానీ ఆ ప్రాజెక్టు నీరు 1967లో కాలువల్లోకి వచ్చినప్పుడు ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పచ్చబడ్డాయి. కాలువ మట్టానికి పైనున్న మునుగోడు, దేవరకొండ, మర్రిగూడ ప్రాంతాలకు ఆ కాలువ నీరు ఎక్కలేదు. ఫ్లోరైడు పీడ మాత్రం అటువైపే ఎక్కువగా ఉంది.

ఇంకొక సంగతి మన ఇంజనీర్లకు పాఠంగా నిలిచింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు ఫ్లోరైడు ప్రాంతాల పిల్లల్లో ఒక కొత్తరకం వైకల్యాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. నిలబడితే మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునేలా కాళ్లు వంకరపోయాయి. జలాశయం ఊటతో భూగర్భజల మట్టం పెరగడం, దానివల్ల నేలలోని ధాతువుల పాళ్లు మారి జొన్నలో మాలిబ్డినం పెరగడం, శరీరంలో రాగి తగ్గడం ఇందుకు కారణాలు కావచ్చునని ఆ తర్వాతి పరిశోధనల్లో సూచించారు. ఆనకట్ట కట్టింది అన్నం పెట్టడానికి. దాని ప్రభావం తినే గింజలోకి కూడా పోగలదని కట్టినప్పుడు ఎవరు ఊహించారు? ఒకచోట నీటిని కదిలిస్తే దాని ఫలితం ఎక్కడెక్కడికి పోతుందో ముందుగా అన్ని వైపుల నుంచి చూడాలనే పాఠం అప్పుడే మనకు దొరికింది.

ప్రపంచానికి ఊరి పేరు ఇచ్చిన పద్ధతి

నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, 1975లో ఫ్లోరైడు తీసే ఒక చౌక పద్ధతిని ప్రకటించి దానికి నల్గొండ పద్ధతి అని పేరు పెట్టింది. అందులో వాడేవి బజారులో దొరికే సరుకులే. పటిక, సున్నం, బ్లీచింగు పొడి. నీటిలో పటిక, దానిలో ఇరవయ్యో వంతు సున్నం కలిపి బాగా తిప్పాలి. దూదిపింజల్లాంటి తెట్టె కడుతుంది. ఆ తెట్టె ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైనీటిని వడగట్టి తీసుకోవాలి. పెద్ద ట్యాంకులో చేయవచ్చు, ఇంట్లో బకెట్టులోనూ చేయవచ్చు. కరెంటు లేని పల్లెలో కూడా నడుస్తుంది.

ఈ పద్ధతి ఆఫ్రికాకు పోయింది. కెన్యా, టాంజానియా, ఇథియోపియా దేశాల్లో, మనలాగే ఫ్లోరైడు పీడ ఉన్న ఊళ్లలో, మన జిల్లా పేరుతోనే దాన్ని వాడారు. నల్లగొండను ఎన్నడూ చూడని వారి నోట నల్లగొండ పేరు పలికింది.

మరి నల్లగొండలో ఎందుకు ఆ పీడ పోలేదు? పద్ధతిలో తప్పు లేదు. అది రోజూ చేయాల్సిన పని. నీటిలో ఫ్లోరైడు ఎంత, క్షారగుణం ఎంత అని చూసి పటిక మోతాదు నిర్ణయించాలి. మోతాదు తక్కువైతే ఫ్లోరైడు పోదు, ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అడుగున చేరిన తెట్టెను ఎక్కడ వేయాలన్నది ఇంకో తలనొప్పి. ప్లాంటు కట్టడానికి బడ్జెటు ఉంటుంది, ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది. పటిక కొనడానికి, నీరు పరీక్ష చేయడానికి, రోజూ తిప్పే మనిషికి జీతం ఇవ్వడానికి ఏటేటా పద్దు ఉండాలి. అక్కడే బండి ఆగింది. మెయింటెనెన్సు గ్రాంటు కోసం ఫైలు పట్టుకుని తిరిగిన మిత్రులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ సందర్భంగా ఇంటిల్లిపాదికీ ఒక మనవి. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది. పాత బోరు నీళ్లు తాగేవారు ఇంకా ఎవరైనా ఉంటే ఈ సంగతి గమనించాలి.

480 మంది అభ్యర్థులు

పరిశోధనలతో పని కాలేదు, వినతిపత్రాలతో కాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ నియోజకవర్గం నుంచి ఫ్లోరైడు బాధితులు, రైతులు వందల సంఖ్యలో నామినేషన్లు వేశారు. చివరకు బరిలో నిలిచినవారు 480 మంది. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా వేసి జరపాల్సి వచ్చింది. ఆ ఎన్నికల డ్యూటీ చేసిన వారు మన సభ్యుల్లో ఉండే ఉంటారు. ఆ బ్యాలెట్లు మడతపెట్టడం, పెట్టెల్లో పట్టించడం, లెక్కించడం ఎంత పనో వారే చెప్పాలి. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం గారు. కానీ దేశమంతా మాట్లాడుకున్నది నీళ్ల గురించి. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. దాహం తీర్చడానికి పట్టిన కాలంతో పోల్చితే డిపాజిట్టు పెంచడానికి పట్టిన కాలం చాలా తక్కువ.

ఆ ఒత్తిడి వృథా పోలేదు. సాగర్ జలాశయం ఒడ్డున పుట్టంగండి దగ్గర భారీ మోటార్లతో నీరెత్తి అక్కంపల్లి జలాశయంలో పోసి, అక్కడి నుంచి కాలువ ద్వారా జిల్లా మెట్ట భూముల్లోకి తెచ్చే పథకం అమలైంది. 2000 మార్చి 7న హత్యకు గురైన మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి గారి పేరు దానికి పెట్టారు. ఆ కాలువ నీరు చివరకు వచ్చి చేరింది ఎక్కడికంటే, పానగల్లు ఉదయసముద్రానికే. చోడరాజులు వాననీటి కోసం కట్టిన చెరువు ఇప్పుడు కృష్ణా నీటికి బ్యాలెన్సింగు రిజర్వాయరు అయింది. పాతపని చెడిపోకుండా ఉంటే కొత్తపనికి ఎలా అక్కరకు వస్తుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అవసరం లేదు.

అదే అక్కంపల్లి నుంచి కోదండాపురంలో శుద్ధి చేసిన నీరు 2004లో హైదరాబాదుకు పోవడం మొదలైంది. 2008లో రెండో దశ, 2015లో మూడో దశ వచ్చి మూడు పైపులైన్లు అయ్యాయి. ఒక్కొక్క దశ రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. ఆ నీరు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి రాజధాని చేరుతుంది.

పాలమూరుకు నీరు జూరాల వైపు నుంచి వచ్చింది. బచావత్ ట్రిబ్యునల్ 1973 తీర్పులో 17.84 టి.ఎం.సి. కేటాయించగా, 1981లో శంకుస్థాపన జరిగి, 1990ల మధ్యలో ఆ ప్రాజెక్టు ప్రారంభమైంది. దాని ఎడమ కాలువ మీదున్న రామన్‌పాడు జలాశయం నుంచి పట్టణానికి మంచినీరు ఎత్తిపోసే పథకం వచ్చింది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి మోసింది పాలమూరు కూలీలే అనే పేరుంది. వారి సొంత జిల్లా కేంద్రానికి కృష్ణనీరు రావడానికి స్వాతంత్ర్యం వచ్చాక ఇన్ని దశాబ్దాలు పట్టింది.

2015 జూన్ 8న చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ ఈ మొత్తానికి ముగింపు పలికింది. 2015 ఏప్రిల్ నాటికి రాష్ట్రంలో 967 ఫ్లోరైడు పీడిత ఆవాసాలు ఉండగా, 2020 నాటికి ఒక్కటీ లేదని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. ఇది ఏ ప్రభుత్వ హయాంలో జరిగినా, దానికి ముందు అరవై ఏండ్లు పనిచేసిన డాక్టర్లు, కెమిస్టులు, ఇంజనీర్లు, పంపు ఆపరేటర్లు, ఉద్యమకారులు అందరి కష్టమూ అందులో ఉంది. అయితే ఒకటి మరువరాదు. మంచినీరు వచ్చినంత మాత్రాన వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. పాత నీళ్లు తాగి వంగిపోయిన మనుషులు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి పింఛను, వారి వైద్యం మన లెక్కలో ఉండాలి.

రెండో ప్రశ్న

ఇప్పుడు మొదట్లో అడిగిన రెండో ప్రశ్నకు వద్దాం. మున్సిపల్ ఇంజనీర్లకు తెలిసిన లెక్కే. మురుగునీటి పైపులైన్లున్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్రం పెట్టిన ప్రమాణం. లక్ష మందికి రోజుకు కోటీ 35 లక్షల లీటర్లు. ఇచ్చిన నీటిలో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని లెక్క కడతారు. అంటే కోటీ 8 లక్షల లీటర్లు. మన రెండు పట్టణాలూ లక్ష దాటి చాలా కాలమైంది. కృష్ణనీరు ఎంత ఎక్కువగా తెస్తే మురుగు అంత ఎక్కువగా పుడుతుంది. తెచ్చే పైపుకు మనం పోరాడాం, పోయే పైపుకు పోరాడలేదు. ఆ నీరు మోరీల్లో నుంచి పల్లానికి పోతుంది. పల్లాన ఉన్నది చెరువు.

ఇటీవలి వానాకాలాల్లో మహబూబ్‌నగర్ పెద్దచెరువు చుట్టుపక్కల లోతట్టు కాలనీల్లో నీళ్లు నిలిచాయి. జనం చెరువు ఇళ్లలోకి వచ్చిందన్నారు. నిజానికి ఇళ్లే చెరువు దారిలోకి పోయాయి. శిఖం, అలుగు కాలువ, వాగు అన్నవి పాత రికార్డుల్లో గీతలు గీసి ఉన్న సంగతులే. రెవెన్యూలో పనిచేసిన మిత్రులకు ఆ నకలు ఎక్కడ దొరుకుతుందో తెలుసు. చెరువు కట్టను మినీ ట్యాంక్‌బండుగా చేసి దీపాలు పెట్టడం సంతోషమే. సాయంత్రం మనబోటి వారికి నడవడానికి చోటు దొరికింది. కానీ చెరువుకు అందం దీపాలతో రాదు. పైన మంచినీరు వచ్చే కాలువ, కింద అలుగు పారే దారి తెరిచి ఉంటేనే అది చెరువు, లేకుంటే అది గుంట.

దీన్ని పెద్దగా చేసి చూడాలంటే మూసీని చూడాలి. హైదరాబాదు మన జిల్లా నుంచి కృష్ణనీరు తీసుకుంటుంది. వాడిన నీటిని మూసీలో వదులుతుంది. ఆ మూసీ భువనగిరి, సూర్యాపేట ప్రాంతాల మీదుగా, 1963లో సోలిపేట దగ్గర పూర్తయిన మూసీ ప్రాజెక్టు దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మంచినీరు ఇటు నుంచి అటు పోతుంది, మురుగు అటు నుంచి ఇటు వస్తుంది. రాజధాని వారిని మనం తప్పుపట్టవచ్చు. కానీ మన నల్లగొండ, మన పాలమూరు తమ కిందనున్న పల్లెలకు చేస్తున్నది కూడా చిన్న కొలతలో అదే కదా?

ఇంకో భయం ఉంది. ఎక్కడో దూరాన ఉన్న నది మీద, మోటార్ల మీద, కరెంటు మీద మన గొంతు ఆధారపడింది. 2024 వేసవిలో సాగర్ మట్టం పడిపోయి హైదరాబాదు నీటి కోసం పుట్టంగండి దగ్గర అత్యవసర పంపులు పెట్టాల్సి వచ్చింది. కరెంటు అక్కరలేకుండా శ్రీశైలం నుంచి వాలుకు నీరు తేవాలని తలపెట్టిన 44 కిలోమీటర్ల సొరంగం రెండు దశాబ్దాలైనా పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరి 22న దానిలో పైకప్పు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. మనం తాగబోయే నీటి కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన బిడ్డలు ప్రాణాలు పెట్టారు. ఆ నీటి విలువ మీటరు బిల్లుతో తేలేది కాదు.

ఒక చిన్న లెక్కతో ఈ భాగం ముగిస్తాను. ఏటా 600 మిల్లీమీటర్ల వాన పడితే, ఒక చదరపు కిలోమీటరు నేల మీద 60 కోట్ల లీటర్ల నీరు పడినట్టు. అందులో మూడోవంతు చెరువుకో ఇంకుడు గుంతకో చేరినా లక్షమందికి పక్షం రోజుల నీరు. మన పట్టణాల విస్తీర్ణం ఎన్నో చదరపు కిలోమీటర్లు. వాననీటిలో ఫ్లోరైడు లేదు, దానికి కరెంటు బిల్లు లేదు, ట్రిబ్యునల్ తగాదా లేదు. ఈ నీరు బావుల్లోకి దిగితే రాతిలోని పాతనీరు కూడా కొంత పలచబడుతుంది. కృష్ణను వదులుకోమని కాదు. కృష్ణ మీద భారం తగ్గించమని.

మనం చేయగలిగింది

మనకు ఇప్పుడు కుర్చీలు లేవు, సంతకాలు లేవు. కానీ తెలిసిన సంగతులు ఉన్నాయి. 2020 ఫిబ్రవరి 24న మన మహబూబ్‌నగర్‌లోనే మొదలైన పట్టణ ప్రగతి కింద ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు వేశారు. అందులో ఒకటి వయోవృద్ధులది. మన సభ్యుల్లో కొందరు వాటిలో పేర్లు ఇచ్చినవారే. ఆ కమిటీ కాగితం మీద ఉందా, నడుస్తోందా అని అడిగే హక్కు మనకు ఉంది. నడవకుంటే నడిపించమని అడగాలి.

వార్డు వార్డున మూడు ప్రశ్నలు అడుగుదాం. మన వార్డు వాన ఏ చెరువుకు పోవాలి, ఇప్పుడు ఎటు పోతోంది? మన వార్డు మోరీ చివర ఎక్కడ ఉంది, అక్కడ శుద్ధి ఉందా? నల్లా నీటిని కిందటిసారి ఎప్పుడు పరీక్ష చేశారు, ఫలితం ఎవరికి చూపారు? సర్వేలో పనిచేసినవారు పాత నక్షాలు చదివి చెప్పగలరు. అకౌంట్సులో పనిచేసినవారు మెయింటెనెన్సు పద్దు ఎంత పెట్టారో, ఎంత ఖర్చయిందో చూడగలరు. ఇంజనీరింగులో ఉన్నవారు తూము ఎత్తు, అలుగు ఎత్తు కొలిచి చెప్పగలరు. బడిపంతుళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఉదయసముద్రం కట్ట మీదికి తీసుకుపోయి, గుడి నీడతో పాటు చెరువు లెక్క కూడా చెప్పగలరు.

నీరు తేవడం ఒక తరం చేసిన పని. దానికోసం ఒక తరం ఎముకలు వంగాయి. ఆ నీటిని చెడగొట్టకుండా, పోయే దారి చూపి, పడిన వానను నిలిపి ఉంచడం తర్వాతి తరం పని. ఆ పనికి కావలసిన లెక్క పుస్తకం వారి చేతిలో పెట్టడం మనవంతు. ఈ విషయమై సభ్యుల అనుభవాలు, తమ పట్టణాల పాత బావుల, చెరువుల వివరాలు సంఘానికి రాసి పంపితే వచ్చే సంచికల్లో అచ్చు వేయమని సంపాదకులను కోరుతున్నాను.